బత్తాయికి ఇంకో పేరు

"నా చెట్లు సస్తున్నయ్ సారూ అంటే, పేర్లడుగుతవేంది?"

"అడగాలండీ జానయ్యగారూ. చావటం కాక ఇంకేమంటారు?"

"ఎండుడు అంటం!"

"బావుంది. ఇంకో పేరు?"

"నా కర్మ అంటం!"

"అది వద్దులెండి. ఒరేయ్ ఉపేంద్రా, ఎండుడు రాసుకో."

చక్రపాణిగారి జబ్బే అది. దేన్నీ ఒక్క పేరుతో వదలరు. బెజవాడ నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్స్ షాపు మీద గది తీసుకుని, పీహెచ్‌డీ వాళ్లకు ఆన్‌లైన్‌లో పరిశోధన వ్యాసాలు వెతికిపెడతారు. డిగ్రీ మధ్యలో వదిలేసి నేను ఆయన దగ్గర టైపింగుకు చేరాను. మా మేనమామ జానయ్య మాటల్లో "ఇడిసిపెట్టినోడు". ఇంట్లో నాకున్న పేరు అదొక్కటే.

కంప్యూటర్ వెతుకులాటలో 'ఆర్' అంటే ఇదైనా సరే, అదైనా సరే. 'అండ్' అంటే రెండూ ఉండాల్సిందే. 'నాట్' అంటే వద్దే వద్దు. సార్ టిఫిన్ కూడా ఆ భాషలోనే చేస్తారు. "ఇడ్లీ ఆర్ దోసె, నాట్ సాంబార్!" టిఫిన్ బండి యాదలక్ష్మి రెండూ వేసి, మీద సాంబార్ పోస్తుంది. "గా నాట్ ఏందో మా దగ్గర లేదు సారూ."

పదం తోక కోసి స్టార్ గుర్తు పెడితే ఆ మొదలుకున్న అన్ని తోకలూ వస్తాయట. ఓసారి హాస్టల్ కింద నిలబడి "సాయి స్టార్!" అని కేకేశారు. పదకొండుమంది దిగారు. కావలసిన సాయికుమార్ మాత్రం ఊరెళ్లాడు.

ఇలాంటి మనిషి దగ్గరికి మామను తెచ్చింది నేనే. ఇంకేం చేయను? నల్గొండ దగ్గర మూడెకరాల బత్తాయి తోట, కొమ్మలు కొసల నుంచి ఎండిపోతున్నాయి. పీకించడానికి రేపటికి జేసీబీ మాట్లాడేశాడు. నేను బత్తాయి అని వెతికితే సున్నా. ఆరెంజ్ అంటే రెండు లక్షలు, అన్నీ జ్యూసు గురించే.

సార్ మామను గంటసేపు పీడించారు. బత్తాయి ఆర్ మొసంబి ఆర్ స్వీట్ ఆరెంజ్, ఒక బ్రాకెట్లో. అండ్. ఎండుడుకు ఇంగ్లీషు పేర్లు నాలుగు, ఇంకో బ్రాకెట్లో. నాట్ జ్యూస్.

పంతొమ్మిది వ్యాసాలు వచ్చాయి. ఏడోదాంట్లో ఫొటో చూసి మామ తెర మీద వేలు పెట్టాడు. "గిది నా తోటనే!"

ఎండుకొమ్మలు కోసి మందు పూస్తే సగం చెట్లు బతకొచ్చని ఉంది. సగమే. మామ ఫోన్ తీసి జేసీబీ వద్దన్నాడు. లేస్తూ నా వైపు చూశాడు. "గీ ఇడిసిపెట్టినోనికి జర ఎతుకుడన్న నేర్పు సారూ. ఇగ దేనికీ పనికిరాడు."

మామ ఎల్‌బీ నగర్ బస్సుకు వెళ్లాక, సార్ సొరుగులోంచి ఒక చీటీ తీసి నా ముందుకు తోశారు. నేను చేరిన రోజు తేదీ వేసి ఉంది. కింద ఆయన రాత: 'వదిలేసినవాడు ఆర్ కాస్త ఆగినవాడు ఆర్...' తర్వాత రెండు ఖాళీలు.

"నాకు తట్టింది ఇంతేరా. మిగతావి నువ్వు పూరించుకురా. నాట్ మాత్రం వాడకు."