రాత్రి డ్యూటీలో ఇచ్చిన మంచినీళ్లు

ఒంగోలులో నర్సుగా చేస్తున్న మా మనవరాలు నిన్న రాత్రి డ్యూటీ ముగించుకుని పొద్దున్నే ఇంటికొచ్చి పడుకుంటే, మా కోడలు టీవీ కట్టేసి, పాలవాణ్ని గుమ్మం దగ్గరే ఆపి, నన్ను కూడా గట్టిగా దగ్గవద్దన్నట్టు ఒక చూపు చూసింది. నాకు కోపం రాలేదు. ఈ వారం రాత్రి డ్యూటీ అయితే పై వారం పగలు వస్తుందట, అందరికీ వంతులవారీగా వేస్తారట. ఆ వంతు అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. నా ఈడు నర్సమ్మలు ఎవరైనా ఇంకా బతికుండి ఇది చదివితే, ఎందుకు ఆగిందో వాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

నేను పుట్టింది కురిచేడు దగ్గర ఒక పల్లెలో. మా అమ్మా నాయనా మోతుబరి రైతుల చేలల్లో కూలికి పోయేవాళ్లు. మేము ప్రార్థనకు పోయే గుడిసెలోనే పగలు బడి నడిచేది. ఆ బడిని చూసుకునే మిషను దొరసాని నాలో ఏం చూసిందో గాని, నన్ను ఎక్కడో దూరాన ఉన్న పట్నానికి నర్సు చదువుకు పంపింది. చదువు ముగించి మార్కాపురంలో ఒక ఆస్పత్రిలో చేరినప్పుడు, తెల్లబట్టల్లో నన్ను చూడాలని మా నాయన ఊరి నుంచి వచ్చి, లోపలికి రమ్మన్నా రాక, గేటు బయటే నిలబడి చూసుకుని వెళ్లిపోయాడు. ఆయన ఎందుకు లోపలికి రాలేదో అప్పుడు నాకు అర్థం కాలేదు. చదువుకున్నదాన్ని కదా, నా సంగతి వేరు అనుకునేదాన్ని.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలుకు కరువు, ఆడవాళ్ల వార్డు మొత్తానికి ఒకటే లాంతరు, దాని వత్తి కూడా తగ్గించి పెట్టుకోవాలి. చేరిన మొదటి నెలలో నాకు రాత్రి డ్యూటీ వేశారు. కొత్తదాన్ని గనుక అనుకున్నాను. రెండో నెలా అదే, ఆ తర్వాతా అదే. మిగతా నర్సులకు డ్యూటీలు మారుతున్నాయి, నాకు మాత్రం మారడం లేదు. నిద్ర ఆపుకోవడానికి వేయించిన చింతగింజలు బుగ్గన పెట్టుకుని నములుతూ, గాయాలకు కట్టే గుడ్డలు చుట్టుకుంటూ, సూదులు మరగబెట్టుకుంటూ రాత్రి గడిపేదాన్ని. నడుము వాలిస్తే లేవలేనని నిలబడే ఉండేదాన్ని. పోనీ పగలైనా పడుకుందామంటే, నేను అద్దెకున్న గది వెనకాలే బడిపిల్లల రాతిపలకలు కోసే కొట్టం. తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా రాతి మీద ఉలిదెబ్బలే. తడిగుడ్డ కళ్ల మీద వేసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటే ఆ దెబ్బలు నా కణతల మీద పడుతున్నట్టు ఉండేది. ఆ రాతిదుమ్ము నా కొర్రన్నంలోకి కూడా వచ్చేది. ఆదివారం ప్రార్థనలో కూర్చున్నచోటే నిద్రపోతే, ఊరి నుంచి నన్ను చూడవచ్చిన మా అమ్మ తల ఎత్తుకోలేకపోయింది. అన్నం సయించేది కాదు. నెలసరి తప్పిపోయేది. ఒక్కోసారి నిద్ర లేచి, అది సాయంత్రమో తెల్లవారుజామో తెలియక ఏడ్చేదాన్ని.

చివరికి ఆస్పత్రిలో ఊడ్చే ముసలావిడే నాకు విడమరిచి చెప్పింది. ఆమెదీ మా వంటి ఇల్లే. "నీకింకా తెల్వలేదా బిడ్డా? పగులయితే రోగుల చుట్టాలుంటరు, నువ్వు ముట్టుకుంటే ఒప్పుకోరు. రాత్రయితే ఎవురు చూసొచ్చినారు," అంది. ఆ మాట విన్నాక కూడా నేను రెండు రోజులు నమ్మలేదు.

అట్లాంటి రోజుల్లోనే వెలిగండ్ల వైపు నుంచి ఒక పెద్ద రైతు ఇంటి కోడల్ని బండిలో తెచ్చారు. తొలికాన్పు, వచ్చిన రాత్రే వార్డులో కాన్పయి బిడ్డ దక్కలేదు, తల్లికి విపరీతమైన జ్వరం. పగలంతా అత్తగారు మంచం పక్కనే కూర్చుని, పొద్దుగూకితే ఊళ్లోని చుట్టాలింటికి వెళ్లిపోయేది. అప్పటి నుంచి తెల్లవారేదాకా ఆ పిల్ల నా చేతుల్లోనే ఉండేది. ఒళ్లు తుడిచి, మైలగుడ్డలు మార్చి, పాలు చేపుకొచ్చి గడ్డకట్టిన రొమ్ములకు కాపడం పెట్టి, తల నా భుజానికి ఆనించుకుని గుక్కగుక్కగా నీళ్లు తాగించేదాన్ని. నన్ను అక్కా అని పిలిచేది. బిడ్డ ముఖం తనకు చూపించలేదని, నువ్వైనా చూసినావా అక్కా, ఎవరి పోలిక అని అడిగేది. నేను చూశాను. నీ పోలికే అని చెప్పాను. ఆ రాత్రి నా చేయి పట్టుకుని వదలలేదు. నా నిద్రలేమి, ఆ ఉలిదెబ్బలు, అన్నీ ఆ పిల్ల కోలుకుంటే చాలునన్నంతగా మరిచిపోయాను.

జ్వరం దిగిన రోజు పొద్దున నేను వార్డును పగటి నర్సుకు అప్పజెబుతుండగా అత్తగారు వచ్చింది. మంచం పక్కన సగం తాగిన గ్లాసు చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నీళ్లెవురిచ్చినారే నీకు? దాని చేతి నీళ్లు తాగినావా ఏంది?"

"లేదత్తా. ఎవురూ ఇయ్యలేదు. నేనే లేసి ముంచుకున్నా."

అప్పటికి ఆ పిల్లకు ఒంటరిగా లేచి కూర్చునే ఓపిక కూడా లేదు. ఆ సంగతి అత్తగారికీ తెలుసు. అయినా ఆమె ఆ మాటతో తృప్తిపడి, గ్లాసు తీసుకుపోయి బయట తోమించింది. కోడలు గోడవైపు తిరిగి పడుకుంది. నేను గదికి వచ్చి ఆ రోజు చెవుల్లో దూది కూడా పెట్టుకోలేదు, ఎలాగూ నిద్ర రాదని.

ఆ రాత్రి మళ్లీ "అక్కా, దాహం" అంది. ఇచ్చాను. ఇవ్వక ఏం చేస్తాను. తాగి, నా ముఖం చూడకుండా, "మా అత్త సంగతి నీకు తెల్వదక్కా," అంది. ఆమె అత్త సంగతి నాకు తెలియకపోవడమేమిటి.

ఆమె బండెక్కి వెళ్లిపోయాక నేను పెద్ద నర్సమ్మ దగ్గరకు పోయి పగటి డ్యూటీ అడిగాను. ఆమె కోస్తా నుంచి వచ్చిన మనిషి, చెడ్డది కాదు. "నీ మంచికే చెబుతున్నానమ్మా, రాత్రిళ్లయితే నీకు మర్యాద దక్కుతుంది," అంది. ఆ మాట ఎంత మెత్తగా అన్నదో, అంత లోతుగా గుచ్చుకుంది.

తర్వాత కొన్నేళ్లకు నాకు పగటి డ్యూటీ వచ్చింది. ఎవరో న్యాయం ఆలోచించి ఇచ్చింది కాదు. నర్సులు కొందరు మిలటరీ ఆస్పత్రులకు వెళ్లిపోయి, మనుషులు చాలక వేశారు. కొందరు రోగులు గొణిగారు, కొందరు నీళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్నారు. నేను పగలు పనిచేసి రాత్రి పడుకోవడం మళ్లీ కొత్తగా నేర్చుకుంటున్నాను.

అప్పుడు ఆ వెలిగండ్ల కోడలు మళ్లీ వచ్చింది. ఈసారి కాన్పు చెల్లెలిది, తోడుగా తను ఒక్కతే వచ్చింది. ఒళ్లు చేసి, ముక్కున రెండు వైపులా పుడకలతో నిండుగా ఉంది. నన్ను చూసి ముఖం విప్పారింది. పక్కకు పిలిచి చేయి పట్టుకుంది. "నన్ను బతికించింది నువ్వే అక్కా, నాకు తెల్సు. నా చెల్లెలికీ నువ్వే ఉండాల. డాక్టరయ్యతో చెప్పి రాత్రి డ్యూటీ ఏయించుకోక్కా," అంది.

ఆమె ఎంత ప్రేమగా అడిగిందో చెబితే మీరు నమ్మరు. తన దగ్గరున్న గౌరవమంతా అదే, అది పట్టుకొచ్చి ఇస్తోంది.

"నాకిప్పుడు పగులు డ్యూటీ అమ్మా. నీ చెల్లెలికి దాహమైతే పగులే ఇస్తా," అన్నాను.

ఆమె చేయి వదిలేసింది.

చెల్లెలికి మర్నాడు మిట్టమధ్యాహ్నం మగబిడ్డ పుట్టాడు. నా చేతుల్లోనే పుట్టాడు. బాలింత నీళ్లు అడిగింది. నేను గ్లాసు అందుకోవడం చూసి అక్క లేచి నిలబడింది. వద్దంటుందేమోనని ఒక్క నిమిషం ఆగాను. వద్దనలేదు. కొంగు సర్దుకుని వరండాలోకి పోయి, గోడవైపు తిరిగి నిలబడింది, చెల్లెలు తాగడం ముగిసేదాకా. నేను పిలిచాక వచ్చి బిడ్డను ఎత్తుకుంది. చూడలేదు గనుక జరగలేదు. మూడో రోజు వెళ్లిపోతూ నాకు దండం పెట్టింది, గేటు దాటి బండి ఎక్కబోయే ముందు, చుట్టూ చూసుకుని.

ఆ తర్వాత చాలా ఆస్పత్రుల్లో చేశాను, పెద్ద నర్సమ్మను కూడా అయ్యాను. నిద్ర మాత్రం ఒకసారి పోయింది పోయినట్టే. ఇప్పటికీ తెల్లవారేదాకా మేలుకునే ఉంటాను. మొన్న నా కళ్ల ఆపరేషనుకు ఆస్పత్రికి పోతే, పక్క మంచం రైతు ఇంటి ముసలావిడ మూత సీలు విప్పి సీసాలోని నీళ్లు గటగటా తాగింది. ఇప్పుడు అందరూ అట్లాగే తాగుతున్నారు, మంచిదే. కాలం మారిందని నా ఈడు వాళ్లు సంబరంగా అంటుంటారు. మారిందనే నాకూ అనుకోవాలని ఉంటుంది. కాని ఆ సీసా ఎవరు నింపారో ఆమెకు తెలియదు. తెలిస్తే తాగేదా అని, ఇన్నేళ్లు రోగుల మధ్య బతికినదాన్ని, ఆ రాత్రంతా మేలుకుని ఆలోచించాను.