నాయనకు అతికించిన గొంతు

మా ఆఫీసులో మధ్యాహ్నం క్యారియర్లు విప్పినప్పుడు ఎవరో ఒకరు ఫోన్లో పాత సినిమా పెడతారు. మొన్న పెట్టింది ఎనభైల్లో వచ్చిన పిల్లల సినిమా. పట్నంలో చదువుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు వేసవి సెలవుల్లో ఇంట్లో చెప్పకుండా పారిపోయి, ఏదో దీవిలో నిధి ఉందని ఒక పడవ ఎత్తుకుని సముద్రం మీదకు పోతారు. ఎవరో దాని రంగులు తేటపరిచి మళ్లీ నెట్‌లో పెట్టారట. ఆ రోజుల్లో సినిమాలు ఎంత అమాయకంగా ఉండేవో అని మా పెద్దసారు మురిసిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది.

వాళ్లు ఎత్తుకుపోయే పడవ మాది. దాని వెనకాల కేకలు పెడుతూ పరిగెత్తి నీళ్లలో వెల్లకిలా పడే జాలరి మా నాయన.

షూటింగు విడవలూరు అవతల, సముద్రం ఒడ్డున మా జాలర్ల పాళెంలోనే జరిగింది. పడవ ఇవ్వడానికి నాయన అడిగింది ఒక్కటే, దాని మీదకు చెప్పులతో ఎక్కకూడదని. పసుపు కుంకుమ పెట్టి నీళ్లలోకి దించే పడవ అది. ఎంత పెద్దమనిషైనా చెప్పులు ఇసుకలో విడిచే ఎక్కాలి. వాళ్లు సరే సరే అన్నారట. ఆ రోజు నేను బడిలో ఉన్నాను, అమ్మ చేపల గంపతో ఊళ్లమీదకు పోయింది. మేం వచ్చేసరికి నాయన తడిబట్టలతోనే గడపలో కూర్చుని ఉన్నాడు. ఏం జరిగిందో ఎంత అడిగినా నోరు విప్పలేదు.

సినిమా టెంటు హాలుకు వచ్చినప్పుడు పాళెమంతా కదిలింది. తెర మీద నాయన కనబడగానే ఈలలు. ఆయన నోరు తెరిచాడు, ఎవరిదో ముక్కుగొంతు వినిపించింది. “అయ్యబాబోయ్, పెళ్లాం పోయినా పర్లేదండీ, నా పడవ ఇచ్చేయండీ బాబూ!” మా వైపు ఎవరూ అలా మాట్లాడరు. ఎక్కడి యాసో తెచ్చి ఆయన నోటికి అతికించారు. హాలు పడీ పడీ నవ్వింది. నాయన లేచి బయటికి పోయాడు, అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ వెనకాలే పోయింది.

అప్పటినుంచీ ఆయన కనిపిస్తే చాలు, ఆ మాట అనేవాళ్లు. చేపలు కొనేవాళ్లు అమ్మను ఆపి, మీ ఆయనకు నువ్వెక్కువా పడవెక్కువా అని అడిగేవాళ్లు. సరదాకే కదా అనేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది. సరదా వాళ్లకు. మా నాయన మాత్రం పోయేదాకా నలుగురిలో గట్టిగా మాట్లాడింది లేదు.

మొన్న ఆఫీసులో రేగిన కోపంతోనే సాయంత్రం ఇంటికొచ్చి ఆ సినిమాను తిట్టాను. అమ్మ విన్నది. నాయనకు ఉన్న ఒక్క ఫొటో తుఫానులో ఇంటితోపాటే పోయింది. ఆయన పోయాక ఆయన ముఖం మళ్లీ చూడలేదు ఆమె.

“చూపించు మే,” అంది.

ఆ గొంతు ఆమె చెవిన మళ్లీ పడటం నాకు ఇష్టం లేదు. ఏవేవో సాకులు చెప్పాను. ఆమె కంచం పక్కకు నెట్టి కూర్చుంది. చివరికి శబ్దం పూర్తిగా తీసేసి ఫోను ఆమె చేతిలో పెట్టాను.

తెల్ల కాన్వాసు బూట్లతో పిల్లలు మా పడవలోకి దూకారు. నాయన పరిగెత్తుకొచ్చాడు, వంగి వంగి వాళ్ల కాళ్లవైపు చేతులు ఊపుతున్నాడు. ఆనాడు హాలంతా డాన్సు అనుకుని దీనికీ నవ్వింది. ఒకడు ఆయన ఛాతీ మీద బూటు ఆనించి నెట్టాడు. నాయన పడ్డాడు.

అమ్మ మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను.

“నోరు చూడు మే. చెప్పులు తీయండయ్యా అంటుండాడు,” అంది.

చూశాను. నిజమే. చెప్పులు అన్నచోట రెండు పెదాలూ గట్టిగా కలిసి విడిపోతున్నాయి, మళ్లీ మళ్లీ అదే మాట. డబ్బు కోసమో మోజుతోనో వేషం వేశాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. వేషం కాదు. మాట తప్పారని నిజంగానే అరుస్తున్నాడు. కెమెరా ఆపాల్సినవాళ్లు ఆపలేదు, బాగా వచ్చిందని ఉంచుకున్నారు. ఆయన అడిగిన ఒక్క మాటనూ ఆయన నోట్లోంచి పీకేసి, అక్కడ పెళ్లాం మీద జోకు పెట్టారు. ఇదా అమాయకత్వం? రేపు ఆఫీసులో ఆ సినిమా ఎవరు పెట్టినా ఫోను లాక్కుని శబ్దం తీసేస్తాను, పెద్దసారైనా సరే. ఆయన నోరు చూడమంటాను.

అమ్మకు నా అరుపులు వినబడటం లేదు. తెర మీద వేలు పెట్టి నాయన ముఖం తడుముతోంది. వేలు తగిలి బొమ్మ ఆగింది, ఆయన నోరు తెరిచి ఉండగానే.

“వాళ్లు తీయరులే అయ్యా,” అంది ఆయనతో. “నువ్వు ఇంటికొచ్చెయ్.”