చెట్టు మీద నుంచి ఏసోబు బాబాయి చెప్పింది

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు మా అమ్మ గోలీసోడా తాగింది. సగం తాగి, మిగతా సగం నాకిచ్చింది. టైము గుర్తుండటానికి కారణం, నా చేతికి కొత్త వాచీ ఉంది. మా అన్న తోలే ఎడ్ల జత ఎన్నింటికి బరిలోకి వస్తుందని అమ్మ పదేపదే అడుగుతుంటే చూసి చెబుతున్నాను.

దయ్యాలనూ శకునాలనూ నేను ఎప్పుడూ నమ్మలేదు. మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన ఉండేది, తాయెత్తులు ఉండేవి కావు. నేను బెజవాడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఉన్న మాట లేనట్టు, లేని మాట ఉన్నట్టు కంటికి ఎంత సులువుగా కనిపిస్తుందో ఆ పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు. అందుకే ఇందులో నేను చూసింది వేరుగా, విన్నది వేరుగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

దివిసీమ ఉప్పెనకు ముందు మాట ఇది. ఊరి పేరు రాయను. పామర్రుకు దగ్గర. ఏటా తిరునాళ్ళకు అక్కడ ఎడ్ల బండలాగుడు పందెం పెట్టేవారు. పెద్ద రాతిబండను గొలుసుతో కాడికి కట్టి, ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జతది గెలుపు. ఎడ్లు రైతులవి. మేపేదీ, కడిగేదీ, పందెంలో తోలేదీ ఊరికి ఎడంగా ఉన్న మా పేట మనుషులు. మా అన్న సుందరం ఊళ్ళో ఒక ఆసామి దగ్గర జీతానికి ఉండేవాడు. ఆ ఏడు మొదటిసారి ఆయన జతను అన్న చేతికి ఇచ్చారు. అన్నకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు.

మా పేటవాళ్ళకు పందెం చూడటానికి ముందు చోటుండేది కాదు. అలా బోర్డేమీ రాసి పెట్టలేదు. బరికి రెండు పక్కలా రైతులు బండ్లు నిలిపేవారు. వాటి మీద వాళ్ళ ఇంటివాళ్ళు కూర్చునేవారు. బండ్ల సందుల్లో వాళ్ళ మనుషులు, ఆ వెనక పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. ఎడ్లు బయలుదేరే కొసన బండ్లు ఉండవు, సరుగుడు గుంజలు పాతి తాడు కట్టేవారు. అక్కడా ముందు జనం నిండిపోయేవారు. మేము అందరికంటే వెనక, కాలవ గట్టు కింద నిలబడేవాళ్ళం. అక్కడి నుంచి తలపాగాలూ దుమ్మూ తప్ప ఏమీ కనిపించదు. మైకులో ఎడ్ల పేర్లు చెప్పేవారు, ఆసామి పేరు చెప్పేవారు. తోలేవాడి పేరు చెప్పేవారు కాదు.

అందుకని మాకొక అలవాటు ఉండేది. మా నాన్నకు వరసకు తమ్ముడు ఏసోబు బాబాయి. ఇళ్ళ కప్పులకు తాటాకు కొట్టే పని ఆయనది. పందెం రోజున ఎడ్లు బయలుదేరే కొసనున్న తాటిచెట్టెక్కి, నడుముకు మోకు బిగించుకుని, బరిలో జరిగేదంతా కిందికి చెప్పేవాడు. చెట్టు కింద ఉన్నవాళ్ళు విని వెనకవాళ్ళకు అందించేవారు. అలా గట్టు కింద కూర్చున్న ముసలమ్మల దాకా పందెం మాటలుగా చేరేది. ఆయన ఎప్పుడూ లేనిది చెప్పలేదు. కాకపోతే మధ్యలో నవ్వించేవాడు.

ఆ రోజు కూడా మొదటి జతల దగ్గర అలాగే చెప్పాడు.

"అంత పైనున్నావు, పరలోకం కనపడతందా ఏసోబూ?" అని కింద నుంచి ఎవరో అడిగారు.

"కనపడతంది. మీ ఆవిడుంది. నువ్వు రావద్దని చెప్పమంటంది" అన్నాడు.

అమ్మ ఆ నవ్వుల్లో కలవలేదు. పొట్టి మనిషి. నా భుజం పట్టుకుని మునివేళ్ళ మీద లేచేది, మళ్ళీ దిగేది. కొడుకు బరిలోకి రావడం ఒక్కసారి తన కళ్ళతో చూస్తే చాలు, తర్వాత సంగతి ఏసోబు చెబుతాడులే అంది. మనుషుల మధ్య నుంచి తీసుకెళ్ళాలని చూశాను. నాలుగు వరసలు కూడా దాటకముందే ఒకతను మోచెయ్యి అడ్డం పెట్టి, "ఆడోళ్ళు ఎనక్కి పోండి" అన్నాడు. అమ్మ వెనక్కి వెళ్ళిపోయింది. "నువ్వు పోరా చిన్నోడా. నువ్వన్నా చూడు" అంది.

నేను ప్యాంటూ తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాను. అక్కడివాళ్ళు నన్ను ఎరగరు. "పంతులుగారికి దారివ్వండ్రా" అన్నాడొకడు. అలా తాడు దాకా వెళ్ళగలిగాను. ఆ ఊళ్ళో అంత ముందు నిలబడి పందెం చూడటం నాకదే మొదలు.

అన్న జతను తెచ్చి నిలబెట్టారు. తెల్లని పెద్ద ఎడ్లు, కొమ్ములు కొసలకు చెక్కి నూనె రాశారు. అన్న ఎడ్లకు ఎదురుగా నిలబడి ముకుతాళ్ళు పట్టుకున్నాడు. వెనక ఇద్దరు గొలుసు బిగిస్తున్నారు. నన్ను చూశాడు. "అవతలుండరా, చొక్కా మాసిపోద్ది" అన్నాడు. ఎడమవైపు ఎద్దు నోటి దగ్గర నురగ తుడిచాడు. డప్పులు ఆగాయి. విజిల్ కోసం అందరూ చూస్తున్నారు.

అప్పుడు చెట్టు మీద నుంచి ఏసోబు బాబాయి గొంతు వినిపించింది.

"ఒదినా, సుందరం పడ్డాడు."

మామూలుగా ఆయన మాట సాగదీసి చెప్పేవాడు. ఇది అలా లేదు. ఇంట్లో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు ఉంది. అయినా స్పష్టంగా వినిపించింది.

"ఎడమెద్దు కొమ్ము పొట్టలో దిగింది. పడ్డాడు. బండ కాలి మీదగా పోతంది, ఎడం కాలు. ఎవురో పసుప్పచ్చ తువ్వాలుతో పొట్ట కడతన్నారు. సుందరం ఏదో అంటన్నాడు. నాకినపడట్లా."

నేను ఆ మాటలు వింటూ మా అన్నను చూస్తున్నాను. ఆయన నిలబడి ఉన్నాడు. నాకు నాలుగు బారల దూరంలో. ఎద్దు నురగ తుడిచిన చేతిని పంచెకు రుద్దుకుంటున్నాడు. తన పేరు విని చెట్టు వైపు తిరిగాడు. తర్వాత నవ్వి, ఉన్నాను అన్నట్టు చెయ్యి పైకెత్తి ఊపాడు.

ఆ చెయ్యి ముందు వరసలకు కనిపించింది. వెనకవాళ్ళకు కనిపించలేదు. వాళ్ళకు అందింది మాట ఒక్కటే. కాలవ గట్టు కింద నుంచి ఆడవాళ్ళ ఏడుపు లేచింది. నేను వెనక్కి తిరిగి, "ఏం కాలేదు, నిలబడే ఉన్నాడు" అని అరిచాను. ఆ మాట పక్కవాళ్ళను దాటి పోలేదు.

మా పేట అంతా ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చింది. మధ్యలో ఉన్నవాళ్ళకు ఎందుకో తెలియదు. ముందు ఏదో చూడాల్సింది ఉందని వాళ్ళూ తోశారు. నా వీపు మీద బరువు పడింది. తాడు పొట్టలోకి కోసుకుపోయింది, తర్వాత గుంజలు విరిగాయి. నేను బరిలో బోర్లా పడ్డాను. నా చేతి మీద ఎవరో కాలేసి నడిచారు, వేలి ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. ఒక పిల్ల నా పక్కనే పడింది, దాని జుట్టు పట్టుకుని పక్కకు లాగాను. పైన కర్రలు ఆడుతున్నాయి. జనాన్ని వెనక్కి నెట్టడానికి ఆసామి మనుషులు దొరికినవాళ్ళను దొరికినట్టు కొడుతున్నారు. తల పగిలిన మనిషి కూడా ముందుకే వస్తున్నాడు, వెనక దారి లేక.

ఎడ్లు బెదిరాయి. అన్న ముకుతాళ్ళు వదల్లేదు. వదిలితే అవి జనంలోకి పోతాయి. ఎడమ ఎద్దు తల కిందికి వంచి పక్కకు విసిరింది. కొమ్ము అన్న పక్కటెముకల కింద దిగింది. ఎద్దు తల ఎత్తినప్పుడు అన్న కాళ్ళు నేలను వదిలి లేచాయి. మళ్ళీ విదిలిస్తే కింద పడ్డాడు. జత ముందుకు దూకింది. బండ ఆయన ఎడమ కాలి మీదుగా పోయింది. ఇది నేను నేల మీద పడి ఉండి, మనుషుల కాళ్ళ మధ్య నుంచి చూశాను.

పాక్కుంటూ అన్న దగ్గరికి చేరాను. పేగు బయటికి వచ్చింది. చేత్తో లోపలికి నొక్కి పట్టుకున్నాను. ఒక మనిషి పరుగెత్తుకొచ్చి, భుజం మీది తువ్వాలు తీసి, నా చెయ్యి తప్పించి, పొట్ట చుట్టూ బిగించి కట్టాడు. ఆ తువ్వాలు పసుపు పచ్చది. చూసినప్పుడు నాకేమీ తట్టలేదు.

అన్న ఏదో అన్నాడు. చెవి దగ్గర పెట్టి విన్నాను. "ఎద్దును కొట్టొద్దని చెప్పరా" అన్నాడు. అప్పటికే దాన్ని గునపంతో కొడుతున్నారు.

లారీ ఎక్కించాం. అమ్మ అక్కడికి వచ్చి ఎక్కింది. చీర చిరిగి ఉంది, చెవి తమ్మె తెగి మెడ మీద రక్తం కారుతోంది. దారంతా అన్న తల ఒళ్ళో పెట్టుకుంది. బెజవాడ పెద్దాసుపత్రికని బయలుదేరాం. కంకిపాడు దాటకముందే అన్న పోయాడు.

మేము వెళ్ళాక జరిగింది మా పేటవాళ్ళు చెప్పారు. ఆసామి మనుషులు చెట్టు దగ్గరికి వెళ్ళారు. వాడు అబద్ధపు కేక వేశాడు, వాడి వల్లే జనం తోసుకొచ్చారు అన్నారు. ఇద్దరు పైకెక్కి మోకు కోశారు. ఏసోబు బాబాయి కిందపడ్డాడు. చర్నాకోలతో, కర్రలతో, చెప్పుకాళ్ళతో కొట్టారు. మా వాళ్ళు అడ్డుపడితే వాళ్ళనీ కొట్టారు. దెబ్బలు తింటూ ఆయన చెప్పింది ఒకటే. "అయిపోయినాక గదయ్యా నేను చెప్పింది." తను కేక వేసినప్పటికి ఎడ్లు ఇంకా కదల్లేదని వాళ్ళు అంటుంటే ఆయనకు అర్థం కాలేదట. "సుందరాన్ని తీసుకుపోయారా? బతికున్నాడా?" అని వాళ్ళనే అడిగాడట.

నేను ఆలోచించగలిగినంత ఆలోచించాను.

ఆయన తాగి ఏదో వాగాడు, ఆ వాగుడు వల్లే జనం తోశారు, తోయడం వల్ల ఎడ్లు బెదిరాయి. పోలీసులు రాసుకుంది ఇదే. చాలావరకు ఇది నిజం కూడా. ఆ కేక లేకపోతే మా అన్న చనిపోయేవాడు కాదు. కానీ ఏసోబు బాబాయి తాగడు. చర్చిలో కానుక పళ్ళెం పట్టే మనిషి. వాగుడే అనుకున్నా, ఎడమ ఎద్దు, ఎడమ కాలు, తువ్వాలు రంగు ఎలా వచ్చాయి?

జరిగాక మేమే ఆ వివరాలు ఆయన మాటల్లో కలుపుకున్నామేమో అనీ అనుకున్నాను. మనసు చేసే పని అది. కానీ ఆ రాత్రే, శవం ఇంటికి చేరకముందే, గట్టు కిందే ఉండిపోయిన ఆడవాళ్ళు ఆ తువ్వాలు మాట చెప్పుకున్నారు. వాళ్ళెవరూ బరిలోకి రాలేదు. తువ్వాలు చూడలేదు. పసుపు పచ్చదనే చెప్పుకున్నారు.

కొన్నాళ్ళకు ఆ తువ్వాలు మనిషిని వెతుక్కుంటూ వెళ్ళాను. గన్నవరం వైపు నుంచి వేరే జతతో వచ్చినవాడు. కేక వినపడినప్పుడు తను వెనక టీ కొట్టు దగ్గర ఉన్నానన్నాడు. చెట్టు మీద నుంచి టీ కొట్టు కనిపిస్తుంది. భుజం మీద తువ్వాలు బాబాయి కంట పడే ఉండొచ్చు. అంతవరకు నేను ఒప్పుకుంటాను. ఆ తువ్వాలుతో పొట్ట కట్టడం మాత్రం ఆయన ఎలా చూశాడు? "మీరు పిలిస్తే వచ్చాను తప్ప, నేనెందుకు అటు పరుగెత్తానో నాకే తెలీదండీ" అన్నాడు ఆ మనిషి. నేను ఆయన్ను పిలవలేదు.

ఏసోబు బాబాయి పక్కటెముకలు అతుక్కున్నాయి గానీ భుజం పైకి లేచేది కాదు. మా పేటలో కొందరు ఆయన గడప తొక్కడం మానేశారు. అమ్మ మానలేదు. అన్నం తీసుకెళ్ళేది. ఒకరోజు నేనూ వెంట వెళ్ళాను.

"చివరాఖరికి నీకేం కనపడింది ఏసోబూ?" అని అడిగింది అమ్మ.

"మోకు కోసేదాకా చూశా ఒదినా. సుందరం ఆడనే పడున్నాడు. నువ్వక్కడికి రాలా. నీ కోసం చూశా. రాలా."

"నన్ను తొక్కేశారుగా" అంది అమ్మ. అంతకు మించి ఆయన మీద కోపంగా ఒక్క మాట అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో నాతో అంది, "నీకు ఒకసారే పోయాడు మీ అన్న. నాకు చెట్టు మీద నుంచి ఒకసారి, లారీలో ఒకసారి. బరిలో వాడు ఎట్టా నుంచున్నాడురా? చెప్పు."

చెప్పాను. ఎద్దు నురగ తుడవడం, పంచెకు చెయ్యి రుద్దుకోవడం, నవ్వడం, చెయ్యి ఊపడం. పోయేదాకా అమ్మ ఆ ఒక్కటే మళ్ళీ మళ్ళీ అడిగేది. చెప్పేవాణ్ణి.

ఇప్పుడు అమ్మా బాబాయీ ఇద్దరూ లేరు. ఆ రోజు బాబాయి చూసింది ఏమిటో నాకు తెలియదు. నా కళ్ళ ముందు నిలబడి ఉన్న మనిషి, అదే నిమిషంలో ఇంకొకరి కళ్ళకు పడిపోయి ఎలా కనిపించాడో ఇన్నేళ్ళలో ఒక్క కారణం దొరకలేదు.

ఆ ఊళ్ళో పందెం ఇంకా జరుగుతోంది. చెట్టెక్కి కిందివాళ్ళకు చెప్పడం మాత్రం ఇప్పుడు లేదు.