పులి మైసమ్మకు మీసాలు

ఖాకీ బట్టలకు కొత్త వాసన పోని ఆ రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ ఈ లోకంలో లేదు. పాలమూరు పట్నంలో పుట్టి, అక్కడే చరిత్రతో డిగ్రీ చదివి, ఎండలో కోసుల కొద్దీ నడిపించే పరీక్షలో కళ్ళు తిరుగుతున్నా కింద పడకుండా గట్టెక్కి, నల్లమల అంచున ఒక బీటుకు ఆఫీసరునయ్యాను. (బీటు ఆఫీసరంటే ఏదో అనుకునేరు. అడవి శాఖలో మా కింద పనిచేసేవి చెట్లే.) తెలంగాణ వచ్చాక మాలాంటి ఆడపిల్లలం చాలామందిమి ఒక్కసారే ఆ ఉద్యోగాల్లో చేరాం. ఊళ్ళవాళ్ళకు మమ్మల్ని ఏమని పిలవాలో తోచేది కాదు. జంగ్లాత్ మేడం, అంటే అడవి శాఖ మేడం, అనే పేరు స్థిరపడేలోపు నేను పోలీసమ్మనయ్యాను, కండక్టరమ్మనయ్యాను. ఒక పెద్దాయనైతే నన్ను చెయ్యెత్తి ఆపి అచ్చంపేటకు టికెట్టు అడిగాడు. అయినా నా నడకలో దర్జా వీసమెత్తు తగ్గలేదు.

ఆ ఏడు మా రేంజర్ సారుకు పైనుంచి ఒక ఆదేశం వచ్చింది. బీటు ఆఫీసర్లంతా తమ బీటులోని బడులకు వెళ్ళి, పిల్లలకు అడవి గురించీ ఆ ఊరి చరిత్ర గురించీ పాఠాలు చెప్పాలట. మిగతావాళ్ళు నెత్తి పట్టుకున్నారు. నేను ఎగిరి గంతేశాను. మొదటి పాఠాన్ని అద్దం ముందు నిలబడి బట్టీపట్టి మరీ వెళ్ళాను. పులి మన జాతీయ జంతువు అని మొదలుపెట్టానో లేదో, ముందు వరుసలోని రెండు జడల పిల్ల లేచి నిలబడి, "మేడం, మీరు పులిని చూసిన్రా" అని అడిగింది. చూశాను. హైదరాబాదు జూలో, అయిదో తరగతిలో ఉండగా, అది అటు తిరిగి పడుకున్నప్పుడు. అబద్ధం నోటికి రాక ఆ మాటే చెప్పాను. ఆ పిల్ల నా వైపు జాలిగా చూసి, వాళ్ళ మామ మేకను పులి ఎత్తుకుపోయిన ముచ్చట ఎత్తుకుంది. మిగిలిన గంటంతా పాఠం ఆమే చెప్పింది, నేను వెనక బల్ల మీద కూర్చుని విన్నాను. వచ్చేటప్పుడు ఆ బడి పెద్దసారు టీ ఇప్పిస్తూ, అప్పుడప్పుడు వచ్చిపోతుండమన్నాడు, నాక్కూడా నాలుగు విషయాలు తెలుస్తాయట. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పోయిన పరువు ఎట్లాగైనా తెచ్చుకోవాలని ఆ పూటే తీర్మానించుకున్నాను.

బడి గోడ దాటితే పల్లిచేను. ఆ చేని గెట్టు మీద పులి మైసమ్మ ఉండేది. మనిషి రొమ్మెత్తు బండ, దాని మీద చెక్కిన ఒక మూర్తి, పక్కన నోరు తెరిచిన పులి. ఎన్ని తరాలుగా రాశారో గానీ, పసుపూ కుంకుమా అట్టకట్టి ముఖం ముఖంలా ఉండేది కాదు. ఆ పసుపు మీదే ఇత్తడి కళ్ళు అంటించి, ఒంటికి చీర చుట్టారు. దాన్ని చూసుకునేది ఒక అవ్వ, మన రెండు జడల పిల్లకు నాయిన తల్లి. ఊరంతా ఆమెను మైసమ్మవ్వ అనేది. శుక్రవారం శుక్రవారం వచ్చి పసుపు రాసి, దీపం పెట్టి, రాయి ముందు చతికిలబడి చాలాసేపు ఏదో గొణుక్కునేది. మంత్రాలనుకున్నాను. ఒకనాడు ఆ గెట్టు మీంచి పోతూ నేను గమనించిందేమిటంటే, పులి నోట్లో ఒక బాకు దిగి ఉంది. మైసమ్మ తన వాహనాన్ని తానెందుకు పొడుచుకుంటుంది? డిగ్రీలో మా సారు పానగల్ గుళ్ళు చూపించడానికి తీసుకుపోయినప్పుడు, ఊరి పశువుల కోసం పులితో కలబడి చచ్చిపోయిన వీరులకు రాళ్ళు నిలిపేవాళ్ళనీ, వాటిని వీరగల్లులంటారనీ చెప్పాడు. (మూడేళ్ళ చదువులో నాకు గుర్తున్నది ఆ ముక్క ఒక్కటే.) ఇక నాకు కాలు నిలవలేదు.

రెండో పాఠానికి పిల్లలను వరస కట్టించి చేని గెట్టు మీదికి నడిపించుకుపోయాను. చీర మాత్రం ముట్టుకోలేదు, అంతవరకు తెలివి ఉంది. పులి నోట్లో బాకు కనబడేటట్టు కింది మూల కొంచెం తడిపి తుడవమని రెండు జడల పిల్లకూ దాని జతగత్తెకూ ఒక బకెట్టు నీళ్ళు, కొబ్బరిపీచు ఇచ్చి, నేను రాయికి వీపు పెట్టి నిలబడి పాఠం ఎత్తుకున్నాను. ఆ రోజు నా నాలుక మీద సరస్వతి నాట్యమాడింది. రాజులు, యుద్ధాలు, అడవులు, మందలు అన్నీ దొర్లుకుంటూ వస్తున్నాయి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని, రెప్ప కొట్టకుండా చూస్తున్నారు. నా మాటల మహిమే అనుకుని గొంతు ఇంకా పెంచాను. వాళ్ళు చూస్తున్నది నన్ను కాదని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. వెనక్కి తిరిగాను. ఇంట్లో బోళ్ళు తోమి తోమి చెయ్యి తిరిగిన ఆ ఇద్దరు పిల్లలు కింది మూలతో ఆగలేదు, పైదాకా తోమేశారు. ఇత్తడి కళ్ళు బకెట్టులో ఉన్నాయి. పసుపు అట్టల కింద తరాలుగా దాక్కున్న ఒక మగ ముఖం బయటపడి, రెండు వైపులా మెలితిరిగిన మీసాలతో మమ్మల్ని నింపాదిగా చూస్తోంది.

"మేడం, మైసమ్మకు మీసాలున్నయ్" అంది రెండు జడల పిల్ల, తప్పంతా మైసమ్మదే అన్నట్టు. నేను నోరు విప్పేలోపే అన్నం గంట కొట్టారు. పిల్లలు కంచాల దగ్గరికి పోలేదు, ఇళ్ళకు పరిగెత్తారు.

ముందుగా వచ్చింది అవ్వే. తిట్లు తినడానికి సిద్ధపడి నిలబడ్డాను. ఆమె తిట్టలేదు. రాయి ముందు నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత జారిన కొంగును నెత్తి మీదికి లాక్కుని, దారిలో పరాయి మగవాడు ఎదురైతే తొలిగినట్టు పక్కకు తొలిగి, ముఖం తిప్పుకుంది.

"గిన్నేండ్ల సంది నా ముచ్చట్లన్ని మొగోనికి చెప్పుకున్ననా బిడ్డా" అంది నాతో.

అవి మంత్రాలు కావని అప్పుడు తెలిసింది. పెళ్ళయి ఆ ఊరికి వచ్చింది మొదలు, అత్త పెట్టిన ఆరళ్ళు, కాన్పుల కష్టాలు, మొగని తాగుడు, ఇంట్లో ఎవరితోనూ అనలేని ఒంటి బాధలు అన్నీ ఆమె ఆ రాతి చెవిలోనే వేస్తూ వచ్చింది. సాటి ఆడదే గదా అనే ధైర్యం. ఆమె తల దించుకుని ఇంటికి పోయింది. వెనక వచ్చిన ఆడవాళ్ళు కూడా ఒక్క చూపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆమె వెంటే పోయారు. ఆ శుక్రవారం రాయి ముందు దీపం లేదు. నాకు చాలా బాధేసింది. ఒక ముసలామెకు ఉన్న ఒక్క స్నేహితురాలిని పాఠం పేరు చెప్పి నేను లాగేసుకున్నాను.

మగవాళ్ళు మాత్రం పండగ చేసుకున్నారు. అన్నేళ్ళు ఆ రాయి వంక కన్నెత్తి చూడనివాళ్ళు, మీసాలున్నాయనగానే మనోడే అన్నారు. గొర్లు కాసేవాళ్ళు ఆయన గొర్ల కోసం చచ్చాడన్నారు, ఎడ్లున్నవాళ్ళు కాదు ఎడ్ల కోసమన్నారు. చీర తీసి మడిచి పక్కన పెట్టి, భుజం మీద తువ్వాలు వేశారు. ఎవరో బీడీ వెలిగించి ముందు పెట్టారు. మర్నాటికి ఆయన పాదాల దగ్గర పేకాట కూడా మొదలైంది. ఇదంతా ఒక ఎత్తు, వచ్చే ఆదివారమే పులి మైసమ్మ బోనాలు కావడం ఇంకొక ఎత్తు. అవ్వ ఎత్తకపోతే తామూ బోనం ఎత్తేది లేదని ఆడవాళ్ళు తేల్చేశారు. అవ్వ ఇల్లు కదలడం లేదు. ఊళ్ళో బోనాలు ఆగిపోతే ఆ పాపం ఎవరి మెడకు చుట్టుకుంటుందో చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు.

రేంజర్ సారు పిలిపించాడు. "నీకు పులి గురించి చెప్పమన్ననా, మైసమ్మ మీసాల గురించి చెప్పమన్ననా" అన్నాడు. రెండూ ఒకే రాయి మీద ఉన్నాయి సార్ అన్నాను. (అనకూడదని అన్నాక తెలిసింది.) బోనాలు ఆగితే నా ఉద్యోగం పర్మనెంటు అయ్యే సంగతి తాను మరిచిపోతానని, ముందు పోయి ఆ ముసలామె కాళ్ళు పట్టుకొమ్మని చెప్పి పంపించాడు.

శనివారం నేను వెళ్ళేసరికి అవ్వ అరుగు మీద కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. నేనూ చేట పక్కన కూర్చుని ఒలవసాగాను. నేను చూసింది తప్పయి ఉంటుందని, అవి మీసాలు కాకపోవచ్చని, రాతిలో ఉన్న గీతలేమోనని నసిగాను. చరిత్ర చదివిన మనిషికి ఆ మాట గొంతు దాటడం ఎంత కష్టమో ఆ దేవుడికే తెలియాలి. తన కళ్ళింకా పోలేదని, మీసమేదో గీతేదో తనకు తెలుసని అంది అవ్వ. నేను మళ్ళీ కాయల మీద పడ్డాను. (కొన్ని నేను తిన్నాను కూడా. భయం వేస్తే నాకు ఆకలెక్కువ.)

"ఆయన ఎట్ల సచ్చిండు బిడ్డా" అని అడిగింది ఉన్నట్టుండి.

చెప్పాను. ఈసారి గొంతు పెంచలేదు, చేతులు తిప్పలేదు. ఊరి మంద మీద పులి పడితే మిగతావాళ్ళు పరిగెత్తి ఉంటారని, ఈయన ఒక్కడే బాకు పట్టుకుని ఎదురుపోయాడని, బతికి ఉంటే ఆ రాయి ఉండేది కాదని చెప్పాను. ఆయన్ని మరిచిపోకూడదని ఊరు రాయి నిలిపింది, తర్వాత ఊరే మరిచిపోయింది, అయినా పసుపు రాయడం మాత్రం మానలేదు అన్నాను. బడిలో చెప్పవలసిన పాఠమంతా ఆ అరుగు మీద చెప్పాను. నా ఉద్యోగంలో నేను చెప్పిన మంచి పాఠం అదేనని ఇప్పటికీ నా నమ్మకం.

"ఏం వయసుంటదో" అంది అవ్వ. రాతి మీద రాయలేదు గానీ, పెద్ద వయసువాళ్ళు పులికి ఎదురుపోరు గదా, కాలేజీకి పోయే పిల్లల ఈడే అయి ఉంటుందన్నాను. పెండ్లయిందా అని అడిగింది. అది కూడా తెలియదన్నాను. అవ్వ చేతిలోని కాయను ఒలవకుండా అట్లాగే పట్టుకుని కూర్చుంది. చివరికి, తనలో తాను అనుకున్నట్టు, "పోరడు" అంది. నేను వచ్చిందే బోనం సంగతి అడగడానికి, అయినా అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆదివారం ఖాకీలోనే పోయి గెట్టు మీద నిలబడ్డాను. డప్పులు వచ్చాయి, మగవాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళు మాత్రం ఎవరి గడపలో వాళ్ళు నిలబడి అవ్వ ఇంటి వైపు చూస్తున్నారు. పొద్దు వాలుతుండగా అవ్వ బయటికి వచ్చింది. నెత్తి మీద బోనం, బోనం మీద దీపం, ఒక చేతిలో పసుపు గిన్నె. ఆమె వెనక ఒక్కో ఇంటి నుంచి ఒక్కో బోనం కదిలింది. నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. రాయి దగ్గరికి వచ్చి అవ్వ మొట్టమొదట చూసింది ఆ బీడీ ముక్కలను. "పోరనికి బీడీలు నేర్పుతున్నరా" అంది, గట్టిగా కూడా కాదు. మీసాలున్న మగవాళ్ళంతా పేకముక్కలు ఏరుకుని వెనక్కి జరిగారు. ఆమె బోనం దించి, కొంగు తీసి నడుముకు దోపుకుంది. తల మీద కప్పుకోలేదు. బడికి పోయే కొడుకు ముఖం తుడిచినట్టు ఆ ముఖాన్ని తడిచేత్తో తుడిచి, మీసాల మీద పసుపు రాయడం మొదలుపెట్టింది.

ఆమె తోడికోడలు పక్కనే ఉండి, ఉండబట్టలేక, "అక్కా, మొగోడని తెలిసి గూడ రాస్తున్నవా" అని అడిగింది.

"తెలిస్తె ఏమాయె" అంది అవ్వ చెయ్యి ఆపకుండా. "గిన్నేండ్ల సంది చెప్పుకుంట వచ్చిన. ఒక్కనాడన్న నడుమ అడ్డం రాలె. చెప్పిందంత విన్నడు. గసొంటి మొగోడు దేవుడు గాకపోతె మరేంది."

ఆడవాళ్ళ నవ్వులో డప్పులు వినబడలేదు. మైసమ్మ కోసం ఆ ఏడు కొన్న ఆకుపచ్చ చీరను అవ్వ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆయనకిక చీర అక్కర్లేదని, ప్యాంటు వేసుకుని తిరిగే నాకే దాని అవసరం ఎక్కువ ఉందని అంది. నేనది అక్కడే ఖాకీ మీద చుట్టుకుని బోనాల వెంట నడిచాను.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. ఇప్పుడు నేను సెక్షన్ ఆఫీసరును, అడవి కూడా వేరే అడవి. కొత్తగా చేరిన అమ్మాయిలు బడికి పోయేముందు పాఠం ఎట్లా చెప్పాలో అడుగుతారు. ఏదైనా చెప్పండి, వెనకేం జరుగుతోందో మాత్రం అప్పుడప్పుడు చూసుకోండి అంటాను. అన్నీ తెలిసినట్టు గొంతు పెంచి నిలబడిన ఆ ఖాకీ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త బెంగ కూడా వేస్తుంది. అంత నమ్మకంగా అన్నీ తెలిసిన రోజులు నాకు మళ్ళీ రాలేదు. ఆ ఊరి నుంచి బదిలీ అయినప్పుడు, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని నేనూ ఆ రాయి ముందు చతికిలబడ్డాను. రేంజర్ సారు గురించి, ఇంటి గురించి, అప్పుడే వచ్చిన పెళ్ళి సంబంధం గురించి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. ఆయన అంతా విన్నాడు. ఆ సంబంధమే కుదిరింది. మా ఆయన చాలా మంచి మనిషి. కాకపోతే నడుమ అడ్డం వస్తాడు.