రత్నమ్మ పాటలున్న జాగా

హెప్సిబాకు కోపం వస్తే కాజీపేట రైల్వే క్వార్టర్లలో కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయని ఆమె భర్తే చెప్పుకునేవాడు. ఇక పగబట్టిందంటే పాము కూడా ఆమె దగ్గర పాఠం నేర్చుకోవాల్సిందే. అలాంటి మనిషి ఆదివారాలు చర్చిలో కంప్యూటర్ ముందు కూర్చుని పాటల చరణాలు తెర మీద వేసేది. క్షమాపణ మీద ప్రసంగం వస్తే మాత్రం గోళ్లు చూసుకునేది.

ఆ పాత కంప్యూటర్లోనే ఆమె తల్లి రత్నమ్మ పాడిన పాటలుండేవి. రత్నమ్మ పోయి ఏడాదైంది. పాటలు ఫోన్లోకి ఎక్కించుకుందామని అనుకుంటూనే హెప్సిబా రోజులు గడిపేసింది. ఒక ఆదివారం చూస్తే అవి లేవు. చర్చిలో పాటలు పాడే క్వయర్‌కు పెద్ద అయిన స్టీఫెన్ తీసేశాడు.

“జాగ సాలలేదు చెల్లె. పోయినోళ్ల పాటలు ఎవరింటరు?” అన్నాడు. అతను పాడినవి మాత్రం ఒక్కటీ పోలేదు.

హెప్సిబా పగబట్టింది. ఏడిస్తే పగ చల్లారిపోతుందని ఏడవలేదు కూడా. నేరుగా సుబేదారిలో కంప్యూటర్లు బాగుచేసే మధు దగ్గరికి వెళ్లింది. తల్లి సంగతి ఎత్తలేదు.

“ఫైలు మల్ల దొరకకుండ చెయ్యాలంటే ఎట్ల తమ్మీ?”

“డిలీట్ కొడితే పోదక్కా. ఆ జాగ ఖాళీ అని కంప్యూటర్ రాసుకుంటది, గంతే. లోపటిది ఆడ్నే ఉంటది. దాని మీద కొత్తది పడితెనే పోతది. డిస్కు నిండేదాక సినిమాలు నింపు, ఇగ ఎవ్వడు తియ్యలేడు.”

పగకు కావలసిన మేరకే హెప్సిబా చెవికెక్కింది. చర్చి ఊడుస్తానని తాళం అడిగి తీసుకుంది. స్టీఫెన్ పాటలు ఒక్కొక్కటే, పేరు చదివి మరీ తీసేసింది. ఇక ఎక్కదని కంప్యూటర్ మొత్తుకునేదాకా సినిమాలు నింపింది. ఏడాదిగా అంత హాయిగా ఆమె ఎన్నడూ నవ్వలేదు.

ఆ సంబరం మధుతో పంచుకోకుండా ఉండలేకపోయింది.

“మా అమ్మ పాటలు తీసేసినోనికి మంచిగ బుద్ధొచ్చింది తమ్మీ!”

మధు చేతిలో పని ఆగింది. “అమ్మ పాటలు గూడ అండ్లనే ఉండెనా? అయ్యో అక్కా, జర ముందుగాల చెప్తే నేను తీసిచ్చేటోణ్ణి గద. ఇప్పుడు వాటి మీద గూడ సినిమాలు పడ్డయి.”



స్టీఫెన్‌కు పోయిందేమీ లేదు. గొంతుంది. ఆదివారం రాగానే సినిమాలన్నీ తుడిచి, మైకు పట్టుకుని, అవే పాటలు మళ్లీ రికార్డు చేసుకున్నాడు. ఇక అతన్ని తిట్టే హక్కు హెప్సిబాకు లేదు. తల్లి గొంతును అతను తీసి పక్కన పడేశాడు, అంతే. పీక నులిమింది తనే.