హ్యాంగైన సిస్టంలోంచి వినపడ్డ పేరు

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు నవ్వొచ్చేది. తప్పు ఎక్కడో ఉంటుంది, మనం సరిగ్గా వెతకలేదంతే అనేవాణ్ణి. అలాంటి నన్ను ఓ డొక్కు సిస్టం ఓడించింది.

రెండు వేల ఆరు ప్రాంతంలో అమలాపురంలో నెట్ సెంటర్ నడిపేవాణ్ణి. శుక్రవారం గల్ఫ్‌లో సెలవు. ఆ మధ్యాహ్నం భర్తలతో మాట్లాడుకోడానికి ఆడవాళ్ళు వచ్చేవారు. వాళ్ళ సరదా కోసం మూడో నంబరు సిస్టం తెర మీద అదనపు ప్రోగ్రాములు తగిలించాను. మస్కట్ టైం చూపించే గడియారం, ఈదే చేపలు, ఇలాంటివి.

అక్కడే కొంప మునిగింది. వాటిలో ఏదో వాడుకున్న మెమరీని తిరిగి వదిలేది కాదు. గంట తిరిగేసరికి మెమరీ నిండిపోయి మౌసు కూడా కదిలేది కాదు. చేపలు తీశాను. గడియారం తీశాను. ఒక్కొక్కటీ పీకడం, మళ్ళీ ఆన్ చెయ్యడం, మెమరీ ఎంత పెరిగిందో కాగితం మీద రాసుకోవడం. వారం రోజులు ఇదే గోల! అన్నీ పీకేసినా నిండుతూనే ఉంది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే బాపతు. నాకు పిచ్చెక్కిపోయింది.

ఆ శుక్రవారం మామిడికుదురు నుంచి సూర్యకుమారి గారు చంటివాడితో వచ్చారు. ఆదివారం బారసాల. పేరు మాత్రం తండ్రే బిడ్డ చెవిలో చెప్పాలని ఆవిడ పట్టు. మస్కట్‌లో ఉన్న ఆయన మర్నాడే ఫోనూ నెట్టూ లేని ఎడారి సైటుకి వెళ్ళిపోతున్నారు. మళ్ళీ మూడు నెలలకి గానీ మాట్లాడలేరు. ఆ వేళకి మూడో నంబరు ఒక్కటే ఖాళీ.

"మధ్యలో ఆగిపోదు కదండీ?" అన్నారావిడ.

"ఆయ్, నేను చూసుకుంటానండీ" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో!

లైను కలిసింది. హెడ్‌ఫోను పిల్లాడి చెవి దగ్గర పెట్టారో లేదో తెర బిగుసుకుపోయింది. ఎన్ని మీటలు నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒళ్ళు మండి గోడ ప్లగ్గు పీకి పారేశాను. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పోయింది. తెర నల్లబడింది, లోపలి ఫ్యాను ఆగింది. అప్పటికీ కోపం తీరక బల్ల మీద ఒక్కటిచ్చాను. ఆ చప్పుడుకి పిల్లాడు కెవ్వుమన్నాడు.

క్షమించమని అడగబోతే ఆవిడ చెయ్యెత్తి ఆగమన్నారు. పిల్లాణ్ణి ఊరుకోబెట్టి, హెడ్‌ఫోనుకి తన చెవి కూడా ఆనించారు.

"ఆయ్, వినపడిందండీ. వీరేశ్" అన్నారు మెల్లగా. కళ్ళనిండా నీళ్ళు.

"కరెంటే లేదమ్మా" అన్నాను విసుగ్గా. పాపం, ఆశకొద్దీ అలా అనిపించి ఉంటుందనుకున్నాను.

మూడు నెలలకి ఆవిడ భర్త సెలవు మీద వచ్చి, సెంటర్‌కొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "మీ పుణ్యమేనండీ. పేరు చెబుదామనుకునేసరికి వాడు కెవ్వుమన్నాడండీ. ఊరుకునేదాకా ఆగి, అప్పుడు మూడుసార్లు చెప్పేను" అన్నారు.

వాడు ఏడ్చింది నేను ప్లగ్గు పీకాక. ఆ ఏడుపు మస్కట్‌కి ఎలా వెళ్ళిందో, ఎన్నిసార్లు బుర్ర బద్దలుకొట్టుకున్నా ఇప్పటికీ నాకు తెలీదు.