మైకులో చదివేసిన మా వైఫై పాస్‌వర్డ్

మొన్న ఆదివారం కోత పండగలో నా పరువు మైకులో పోయింది బావా! నాలుగు సౌండు బాక్సులు పెట్టారు మరి, నెల్లిమర్లలో వినపడనోళ్ళు లేరు. తప్పు నాదేనా? నాదే. కానీ టెక్నికల్‌గా చూస్తే నేను చేసిన ప్రతి పనీ కరెక్టే. ముందు అది ఒప్పుకోండి, తర్వాత నవ్వండి.

విజయనగరంలో కొరియర్ ఆఫీసులో నా ఉద్యోగమే లేబుళ్ళు. రోజంతా ప్రింటర్‌తోనే కాపురం. అందుకే మా కరుణ వదిన నువ్వుండల ప్యాకెట్లకి స్టిక్కర్లు కావాలనగానే "నాకొదిలీ వదినా!" అన్నాను. వదినంటే మా అన్నయ్య భార్య, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. మా చర్చిలో కోత పండగ రోజు ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి ఇస్తారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. ఈసారి పాటకి విజయనగరం నుంచి ఒక హాస్టల్ వార్డెనమ్మ వస్తాదని తెలిసింది. ఆవిడకి నచ్చితే వారం వారం హాస్టల్‌కి నువ్వుండలు వదినే పంపొచ్చు. నెల్లాళ్ళుగా వదిన ఆ ఆర్డరు మీదే ఆశ పెట్టుకున్నాది.

"పేరూ, ఫోన్ నంబరూ ఉంటే సాలురా ప్రకాసూ," అన్నాది.

అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? ఆఫీసులో అడిగి ఇంటికి తెచ్చిన లేబుల్ ప్రింటరు వైఫై మీద నడుస్తాది కాబట్టి ముందు ఇంటి వైఫైకి సెక్యూరిటీ పెట్టాను. డబ్ల్యూపీఏ టూ!

"అంటే ఏటి?"

"గడియ వదినా. పాస్‌వర్డ్ తెలిసినోడికే తలుపు తీస్తాది."

"ఏటి పెట్టావు?"

"అది చెప్పకూడదు. పొడుగ్గా ఉండాలి, ఎవరి ఊహకీ అందకూడదు. అదే రూలు." వదిన ఫోన్లో కూడా నేనే కొట్టి ఇచ్చాను, వేళ్ళు అడ్డం పెట్టి మరీ.

ఆదివారం పొద్దున్నే వదిన నంబరు కాపీ చేసి, ఫోన్లోంచే ప్రింటర్లో లేబుల్ తయారుచేసి, ఒకటి ప్రింట్ కొట్టాను. ముత్యంలా వచ్చింది. వదిన చదివి కళ్ళకద్దుకుంది. అప్పుడు పోయింది కరెంటు! అరగంటకి వచ్చింది గానీ ప్రింటర్లో లేబులు మాయం.

నేనేం కంగారు పడలేదు. "ప్రింటరుకి రెండు మెమరీలుంటాయి వదినా. ర్యామ్ అని ఒకటి, కరెంటు పోతే అన్నీ మర్చిపోతాది. ఫ్లాష్ అని ఇంకోటి, అందులో పెట్టింది చచ్చినా మర్చిపోదు."

"మీ అన్నయ్యది మొదటిది. నాది రెండోది," అన్నాది వదిన.

సరే, ఈసారి ఫ్లాష్‌లోనే పెడదామని కూర్చున్నాను. ప్రింటరు మళ్ళీ పాస్‌వర్డ్ అడిగింది. అంత పొడుగు ఎవడు కొడతాడు? ఫోన్లో రాసిపెట్టుకున్నది కాపీ చేసి పేస్ట్ కొట్టాను. కనెక్టయింది. లేబుల్లో పేరు కొట్టాను. నంబరు దగ్గర పేస్ట్ నొక్కాను, పొద్దున్న కాపీ చేశాను కదా! ఫ్లాష్‌లో సేవ్ చేసి వంద లేబుళ్ళు లాగేశాను. అక్షరాలు చీమ తలకాయలంత.

"ఓసారి సదవనా?" అన్నాది వదిన.

"ఇందాక చదివిందే వదినా! టైమైపోతన్నాది, అతికించు."

వేలంపాట చెప్పేది సామ్యూల్ మాస్టారు. రిటైరైన హెడ్‌మాస్టరు, చేతికిచ్చిన దాని మీద ఒక్క అక్షరం వదలడు. వార్డెనమ్మ గుడారంలో ముందు వరసలో కూర్చుంది. మాస్టారు ప్యాకెట్ ఎత్తి మొదలెట్టారు.

"కరుణ నువ్వుండలు. ఆర్డర్లకు సంప్రదించండి..." కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇది నంబరు కాదే! ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగున్నాది. వదిన... నువ్వుండ... తింటే... పళ్ళూడతాయి... ఒకటీ, రెండూ, మూడూ."

వెనకనించి ఎవడో అరిచాడు, "మూడేనా మాస్టారూ?"

గుడారమంతా ఒకటే నవ్వు. వదిన నవ్వలేదు. నా వైపు చూసింది, కళ్ళనిండా నీళ్ళు. నా ప్రాణం చచ్చిపోయింది బావా. సరదాకి పెట్టుకున్న మాట, వంద ప్యాకెట్ల మీదా నా చేత్తో నేనే అచ్చేశాను! పరుగున వెళ్ళి మైకు లాక్కున్నాను.

"తప్పు నాది! అది నంబరు కాదు, మా ఇంటి వైఫై పాస్‌వర్డు! వదినకేటీ తెలీదు!"

అంతే, సగం మంది ఫోన్లు బయటికి తీశారు. మా ఇల్లు చర్చి గోడ పక్కనే మరి.

వార్డెనమ్మ మాత్రం లేచి వచ్చి ప్యాకెట్ చింపి ఒక ఉండ నోట్లో వేసుకుంది. కటుక్కుమన్నాది, మైకులో కూడా వినిపించింది. ఆవిడ నములుతున్నంతసేపూ వదిన ఆవిడ పళ్ళకేసే చూసింది, నేనూ చూశాను.

"గట్టిగానే ఉన్నాయమ్మా," అన్నాది ఆవిడ. "రుచి మాత్రం బాగున్నాది. మెత్తటివి పెడతంటే మా హాస్టల్ పిల్లలు ఒక్క పూటలో అవగొట్టేస్తన్నారు. ఇవైతే వారం వస్తాయి. శనివారానికి పంపు. నంబరు మాత్రం చేత్తో రాసియ్యి."

వదిన ఏడుస్తూనే నవ్వేసింది.

ఆర్డరు దక్కింది కదా, నన్ను క్షమించేసిందనుకున్నాను. ఇంటికెళ్ళేసరికి అన్నయ్య చేత పాస్‌వర్డ్ మార్పించేసింది. కొత్తది వీధి వీధంతటికీ తెలుసు, పాలు పోసే అప్పారావు మావకి కూడా తెలుసు. నాకు తప్ప! అడిగితే ఏటన్నాదో తెలుసా?

"సెక్యూరిటీరా ప్రకాసూ. ఎవుడి వల్ల పెమాదమో ఆడికి సెప్పకూడదు."